జోడు ఇరుసుల బండితో దక్షిణానికి

కారుకి కారవాన్ తగిలించాక మ్యాపు చదివే తీరే మారిపోతుంది. అంతవరకూ రెండు ఊళ్ల మధ్య దూరం మాత్రమే కనిపించేది. ఇప్పుడు ఎక్కుడూ దిగుడూ, టోల్‌గేటు కింద ఎంత ఎత్తు ఖాళీ ఉందన్నదీ, ఏ లోయలో గాలి ఎటు వీస్తుందన్నదీ, బయల్దేరేది వారంలో ఏ రోజన్నదీ చూసుకోవాలి. ఫ్రాన్సు ఉత్తరపు కొసన ఉన్న కాలే నుంచి మధ్యధరా సముద్రం దగ్గరి బెజియే దాకా, దేశాన్ని నిలువునా దాటే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి మాది. ఇంగ్లండులో లెస్టర్ దగ్గర ఉండే అక్కావాళ్లతో వెళ్లాను. ఆ దారి గీయడానికే వాళ్ల వంటింటి బల్ల మీద వారాల తరబడి మ్యాపులు పరిచి ఉన్నాయి.

వాళ్ల కారవాన్ పెద్దది. కింద రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. పొడవు దాదాపు ఎనిమిది మీటర్లు, ఎత్తు 2.6 మీటర్లు, సామానంతా సర్దాక అనుమతించిన బరువు 1,800 కిలోలు. లాగే కారుతో కలిపి పన్నెండున్నర మీటర్ల బండి. బ్రిటన్‌లో 1997 తర్వాత లైసెన్సు తీసుకున్నవాళ్లు ఇలాంటిది లాగాలంటే ఒకప్పుడు వేరే పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుంచి ఆ పరీక్ష అక్కర్లేదు, మామూలు కారు లైసెన్సుతోనే 3.5 టన్నుల దాకా లాగొచ్చు. అయినా బావగారు డబ్బు కట్టి ఒక శిక్షకుడి దగ్గర నేర్చుకున్నారు. రివర్స్ తీసేటప్పుడు కారవాన్ తోక ఎటు వెళ్లాలో, మొదట స్టీరింగ్ దానికి ఎదురు దిక్కుకి తిప్పాలి. అది చేతులకి అలవాటయ్యేదాకా ఖాళీ మైదానాల్లో సాధన చేశారు. పరీక్ష తీసేసినంత మాత్రాన బరువు తగ్గలేదు కదా అంటారాయన. నేనూ ఆ మాటే అంటాను.

సామాను సర్దడం ఒక శాస్త్రం. బరువైనవన్నీ కింద, ఇరుసుల మీదుగా రావాలి. కారు కొక్కెం మీద పడే బరువు కారవాన్ మొత్తం బరువులో ఐదు నుంచి ఏడు శాతం ఉండాలి. అంతకన్నా తక్కువైతే వెనక భాగం బరువెక్కి, లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు తోక అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. ఒకసారి ఊగిందా, బ్రేకు గట్టిగా తొక్కకూడదు, వేగం పెంచి లాగేయాలనీ చూడకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, దానంతటది సద్దుమణిగేదాకా ఓపిక పట్టాలి. బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలన్నది అందుకే అక్కకీ బావగారికీ మధ్య పెద్ద చర్చ. చివరికి అది ఇరుసుల మీద బల్ల కింద చేరింది. ఊరి బయట ధాన్యం వ్యాపారి కాటా మీదికి ఎక్కించి తూయించాక గానీ బావగారికి నిద్ర పట్టలేదు.

నెయ్యి మాత్రం ఇంట్లోనే వదిలేయాల్సి వచ్చింది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 జనవరి నుంచి అక్కణ్నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం గానీ పాలతో చేసినవి గానీ వెంట తేకూడదు. అంటే నెయ్యి లేదు, పెరుగు లేదు, చివరికి తోడు కోసం గిన్నెలో దాచుకునే చెంచాడు పెరుగు కూడా లేదు. ఆవకాయకి అడ్డు లేదు. "పోనీలేరా, వెన్న అక్కడే కొనుక్కుని కాచుకుందాం, నార్మండీ వెన్నకి మించింది ఎక్కడుంది?" అంది అక్క.

దక్షిణానికి వెళ్లే దారులు చాలానే ఉన్నాయి. పారిస్ మాకు మొదటే వద్దనిపించింది. ఆ నగరం చుట్టూ తిరిగే వలయరహదారి మీద అడుగడుగునా కుడి పక్కనుంచి వచ్చి కలిసే బండ్లు, 2024 అక్టోబరు నుంచి గంటకి 50 కి.మీ. వేగపరిమితి. కారవాన్‌తో దాన్లో చిక్కుకోవడం కన్నా వంద కిలోమీటర్లు చుట్టు తిరిగినా మేలే. తర్వాత అందరూ చెప్పేది తూర్పు దారి. రైమ్స్, దిజోన్, లియాన్ మీదుగా దిగి, రోన్ నది లోయలో ఏ7 మోటర్‌వే పట్టుకుని సముద్రం దాకా. చదునైన దారి, ఎక్కుళ్లు తక్కువ. కానీ ఆ లోయలో ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే గాలి వీస్తుంది, జోరుగా ఉన్న రోజుల్లో గంటకి వంద కిలోమీటర్లు దాటుతుంది. కారవాన్ పక్కగోడ పద్నాలుగు పదిహేను చదరపు మీటర్లు. ఆ గాలి వంపులో పక్కనుంచి తగిలితే ఆ గోడే తెరచాప అవుతుంది. దానికి తోడు జులై, ఆగస్టు శనివారాల్లో సగం ఉత్తర యూరప్ ఆ ఒక్క రోడ్డు మీదే ఉంటుంది.

ఆ రద్దీకి ఫ్రాన్సులో క్యాలెండర్ ఉంది. 1975 వేసవిలో దేశమంతా రోడ్ల మీద ఇరుక్కుపోయాక, మరుసటి ఏడు బిజోన్ ఫుతే అనే సేవని ప్రభుత్వం మొదలుపెట్టింది. తెలివైన అడవిదున్న అని దాని అర్థం, గుర్తుగా తలలో ఈకలు పెట్టుకున్న ఒక చిన్న బొమ్మ. రోజుకో రంగు ముందే చెబుతుంది: ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. జులైలో సెలవు ముగించుకుని వచ్చేవాళ్లూ ఆగస్టులో సెలవుకి వెళ్లేవాళ్లూ ఎదురెదురయ్యే శనివారానికి దాదాపు ప్రతి ఏడూ నలుపే. ఒక ప్రజాసేవగా నాకు అది ఎంతో నచ్చింది. రోడ్లు వెడల్పు చేయడం ఒక పద్ధతైతే, జనానికి ముందుగా నిజం చెప్పి వాళ్లనే రోజు ఎంచుకోమనడం ఇంకో పద్ధతి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ దారి పట్టే లక్షల మందికి కూడా ఇలాంటి రంగుల క్యాలెండర్ ఒకటుంటే ఎంత బాగుండు.

మేం ఎంచుకున్నది నడిమి దారి. కాలే నుంచి ఏ16, ఏ28 మీద రువాన్, అక్కణ్నుంచి ఎవ్రూ, షార్త్ర, ఓర్లియాన్, బూర్జ్, క్లెర్మాన్ ఫెరాన్. ఆపైన ఏ75. క్లెర్మాన్ నుంచి బెజియే దాకా సుమారు 340 కిలోమీటర్ల ఈ మోటర్‌వేకి మియో వంతెన ఒక్కచోటే టోలు, మిగతా అంతా ఉచితం. వెనకబడిన నడిమి కొండసీమలకి దారి ఇవ్వాలని ప్రభుత్వం సొంత డబ్బుతో వేసిన రోడ్డు ఇది. అయితే కొండల్లోంచి పోతుంది, 1,100 మీటర్లు దాటిన కనుమలు ఎక్కి దిగాలి. బావగారు మిషెలిన్ కాగితపు మ్యాపులు తెప్పించారు. వాటిలో రోడ్డు గీత మీద చిన్న బాణాలుంటాయి, ఒకటుంటే ఐదు నుంచి తొమ్మిది శాతం వాలు, రెండుంటే పదమూడు శాతం దాకా, మూడుంటే అంతకన్నా ఎక్కువ. ఫోను మనల్ని ఒట్టి కారు అనుకునే దారి చూపిస్తుంది. పొడవు, ఎత్తు, బరువు చెబితే దాన్నిబట్టి దారి చెప్పే యంత్రాలూ ఉన్నాయి, వాళ్ల కారులో ఒకటుంది. అయినా ఆ బాణాలు చూశాకే బావగారు సరే అనేవారు.

తర్వాత కాలం లెక్క. కారుకీ కారవాన్‌కీ అనుమతించిన బరువులు కలిపి 3.5 టన్నులు దాటితే ఫ్రాన్సు మోటర్‌వే మీద గంటకి 90 కి.మీ. మించకూడదు. ఒట్టి కార్లకి 130. ఏడు మీటర్లు దాటిన జోడుబండి మూడు వరుసల రోడ్డులో ఎడమ చివరి వరుసలోకి వెళ్లకూడదు. ఊరి బయట తనలాంటి పెద్ద బండి వెనక నడిచేటప్పుడు 50 మీటర్లయినా ఎడం ఉంచాలి. కాబట్టి ఫోను చెప్పిన గంటలకి ఇంకో మూడో వంతు కలిపి, రోజుకి 350 నుంచి 400 కిలోమీటర్ల దగ్గర గీత గీశాం. 1830లో మదరాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు డేరాలతో, బోయీలతో, పెద్ద పరివారంతో నడుస్తూ ప్రతి మజిలీ దగ్గరా దారి ఎలాంటిది, నీళ్లు ఎలాంటివి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయారు. ఇల్లు వెంటేసుకుని కదిలేవాళ్ల ప్రశ్నలు ఇప్పటికీ అవే. ఆయన పుస్తకం నేను మళ్లీ తిరగేసింది ఆ వంటింటి బల్ల దగ్గరే.

దిగే చోటు దగ్గరే మాకు అసలు అడ్డు తగిలింది.

ఫ్రాన్సులో చిన్న చిన్న ఊళ్ల పంచాయతీలు కూడా సొంతంగా క్యాంపింగ్ స్థలాలు నడుపుతాయి. ఏటి ఒడ్డునో, ఈతకొలను పక్కనో, చెట్ల కింద, తక్కువ రుసుముతో. వాటిలో కొన్నిటికి మా మేనకోడలు ఫోన్ చేసింది. బళ్లో ఫ్రెంచి చదువుతోంది, మాటలు బాగానే వచ్చు. కారవాన్ పొడవు అడిగారు, పర్వాలేదన్నారు. ఇరుసులెన్ని అని అడిగారు. రెండు అనగానే, కుదరదన్నారు. ఇంకోచోటా అదే జవాబు. జోడు ఇరుసుల బండ్లకి ప్రవేశం లేదని కొన్నిటి గేటు దగ్గర బోర్డే ఉంటుంది. నేల మెత్తన, చక్రాలు దిగబడతాయి అన్నారొకరు. నాలుగు చక్రాల మీద పరుచుకున్న బరువు రెండు చక్రాల మీది బరువుకన్నా నేలని తక్కువే నొక్కుతుంది కదా అని మేనకోడలు నన్ను అడిగింది. దాని ప్రశ్న సరైనదే.

కారణం నేలలో లేదు. ఫ్రాన్సులో పెద్ద జోడు ఇరుసుల కారవాన్లలో ఏడాది పొడుగునా బతికేవాళ్లు సంచార కుటుంబాలు. సంతల్లో అమ్ముకుంటూ, పళ్లతోటల్లో కోతకి వెళుతూ, పాత ఇనుము కొంటూ ఊరూరూ తిరుగుతారు. వాళ్లు రాకూడదు. ఆ మాట బోర్డు మీద రాస్తే చట్టం ఒప్పుకోదు, అందుకని ఇరుసులు లెక్కపెడతారు. సెలవు మీద వచ్చిన మాలాంటివాళ్లు ఆ లెక్కలో చిక్కుకుంటే ఇంకో స్థలం వెతుక్కుంటాం, అంతే. వాళ్లకి అది ప్రతి ఊళ్లోనూ ప్రతి సాయంత్రమూ ఎదురయ్యే గేటు.

1912 జులైలో ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. ఊరూరూ తిరిగేవాళ్లు వేలిముద్రలు, ఫొటోలు, తల కొలతలు, చేతుల కొలతలు రాసిన పుస్తకం ఒకటి వెంట ఉంచుకోవాలి. ఊళ్లోకి వచ్చినప్పుడూ ఊరు దాటేటప్పుడూ దాని మీద ముద్ర వేయించుకోవాలి. 1969లో ఆ చట్టం పోయి వేరే ప్రయాణపత్రం వచ్చింది. ఆ పత్రాన్ని పూర్తిగా ఎత్తేసింది 2017 జనవరిలో. మధ్యలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. అప్పుడు వేలాది సంచారుల్ని పిల్లాజెల్లాతో సహా శిబిరాల్లో బంధించారు. యుద్ధం ముగిశాక కూడా, 1946 దాకా కొందరు బయటికి రాలేదు. 2000లో చేసిన ఒక చట్టం ప్రకారం ఐదు వేల జనాభా దాటిన ప్రతి ఊరూ వాళ్లు దిగడానికి స్థలం చూపించాలి.

ఇది చదువుతుంటే స్టూవర్టుపురం గుర్తు రాని తెలుగువాడుంటాడా? 1911 నేరస్థ జాతుల చట్టం మన ఎరుకలవాళ్లని పుట్టుకతోనే దొంగలన్నది, హాజరు వేయించింది, కంచె లోపల కాలనీలు కట్టి కూర్చోబెట్టింది. 1952లో రద్దయింది గానీ ఆ ఊరి పేరు చెబితే అద్దెకి ఇల్లివ్వడానికి ఇప్పటికీ వెనకాడేవాళ్లున్నారు. ఉప్పు మోసి, బుట్టలల్లి బతికిన కాళ్లని ఒకచోట కట్టేయడం మీద అక్కడి ప్రభుత్వానికీ ఇక్కడి ప్రభుత్వానికీ ఒకే కాలంలో ఒకే బుద్ధి పుట్టింది. మేనకోడలికి ఈ రెండు కథలూ చెప్పాను. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత క్యాంపుల జాబితా ముందేసుకుని, ఇరుసులెన్నని అడిగిన ప్రతి స్థలాన్నీ ఎర్ర కలంతో కొట్టేసింది. రేపు ఆ నిబంధన తీసేసినా అక్కడికి వెళ్లొద్దంది. మేం ఒప్పుకున్నాం.

ఇక దారి. ఇంగ్లండు ఒడ్డున ఫోక్‌స్టన్ దగ్గర సముద్రం కిందికి వెళ్లే రైలెక్కాం. కారు, కారవాన్ విడదీయకుండానే ఎత్తు బండ్ల కోసం ఉన్న ఒంటి అంతస్తు పెట్టెలోకి నడిపిస్తారు. ఎక్కేముందు వంట గ్యాసు సిలిండర్లు కట్టేసి ఉన్నాయా అని చూస్తారు. ముప్పై అయిదు నిమిషాల్లో ఫ్రాన్సు. శనివారం సాయంత్రం దిగి, గంట దూరంలోనే మొదటి మజిలీ వేసుకున్నాం. దానికి కారణం ఉంది. ఫ్రాన్సులో శనివారం రాత్రి పది నుంచి ఆదివారం రాత్రి పది దాకా ఏడున్నర టన్నులు దాటిన లారీలు రోడ్డెక్కకూడదు. మొత్తం దారిలో బావగారికి బెంగగా ఉన్న చోటు రువాన్. అక్కడ మోటర్‌వే తెగిపోయి, కొండ కింద ఒక సొరంగంలోంచి తిన్నగా నగరంలోకి, సేన్ నది మీది మతిల్డ్ వంతెన మీదికి దింపుతుంది. 2012లో ఇంధనం ట్యాంకరు ఒకటి అక్కడ బోల్తాపడి మంటలంటుకుంటే, వేడికి వంతెన ఉక్కు పాడై దాదాపు రెండేళ్లు మూసేశారు. అలాంటి చోట వరుస మారడానికి పన్నెండున్నర మీటర్ల ఖాళీ దొరకాలంటే ఆదివారం పొద్దుటి పూటే రావాలి. అలాగే వచ్చాం. నగరం ఇంకా లేవలేదు, వంతెన మీద మేమూ, ఇద్దరు సైకిలువాళ్లూ.

ఇంగ్లండు కారుకి స్టీరింగ్ కుడి పక్క. ఫ్రాన్సులో టోలు యంత్రం ఎడమ పక్క. కాబట్టి ముందు సీట్లో ఎడమ పక్క కూచున్న నాకు లారీ క్లీనర్ ఉద్యోగం దొరికింది. టికెట్ తీయడం, కార్డు పెట్టడం, ముందున్న బండిని దాటేటప్పుడు అటుపక్క ఖాళీ ఉందో లేదో చెప్పడం, ఎడమ అద్దంలో కారవాన్ వెనక చక్రం గీత తొక్కుతోందేమో చూడడం. టోల్‌గేటు రాకముందే ఏ వరుసో తేల్చుకోవాలి. కొన్నిటికి రెండు మీటర్ల ఎత్తులో అడ్డుకడ్డీ ఉంటుంది, అవి కార్లకే. ఆకుపచ్చ బాణం ఉన్నది అందరికీ. ఎత్తు రెండు మీటర్ల లోపైతే మొదటి తరగతి, రెండు నుంచి మూడు మధ్య ఉంటే రెండోది, దానికి టోలు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. కారవాన్ కప్పు మీద యాంటెనా ఎత్తుగా లేచి ఉంటే మూడు మీటర్లు దాటి లారీల తరగతిలో పడొచ్చు. యంత్రం పొరబడి లారీల తరగతి చూపిస్తే డబ్బు కట్టకముందే బటన్ నొక్కి "క్లాస్ దో" అనాలి. ఎక్కడో గదిలో కూచున్న మనిషి కెమెరాలో చూసి సరిచేస్తాడు. మేనకోడలు వెనక సీట్లోంచి నా ఉచ్చారణ సరిదిద్దుతూ వచ్చింది.

ఎవ్రూ దాటాక రోడ్డు కొన్నిచోట్ల రెండేసి వరుసలు, కొన్నిచోట్ల ఒక్కటే. మామూలు రోజుల్లో లారీల వెనక నత్తనడకట, మాకు ఖాళీగా దొరికింది. షార్త్ర దగ్గరికి వచ్చేసరికి భూమి బల్లపరుపు. కనుచూపు మేర గోధుమ చేలు, ఊరు ఇంకా కనిపించకముందే చేల మీంచి చర్చి గోపురాలు రెండూ లేచి కనిపిస్తాయి, ఒకటి సాదాగా, ఇంకోటి చెక్కడాలతో. ఎనిమిది వందల ఏళ్ల నాడు కాలినడకన వచ్చే యాత్రికులకి దారి చూపడానికి అంతకు మించిన గుర్తు అక్కర్లేదు. ఊళ్లోకి వెళ్లలేదు. పాతనగరపు సందుల్లో కారవాన్‌కి చోటు లేదు, దాన్ని దింపుకుని తిరిగి వచ్చేంత పొద్దూ లేదు.

సర్వీస్ ఏరియాల్లో కారవాన్లని లారీల పక్కన నిలపాలి. ఫ్రెంచివాళ్లు పన్నెండు కొట్టగానే భోజనానికి ఆగుతారు, ఆ తర్వాత వెళితే పొడవు బండికి చోటు దొరకదు. మేం పదకొండున్నరకే ఆగి అన్నం, పప్పు, ఆవకాయ. రాత్రి మాత్రం అక్కడ పడుకోలేదు. దొంగతనాలు జరుగుతాయి. పైగా పగలంతా లారీ నడిపి అలిసిన డ్రైవర్లకి కావాల్సిన చోటది. డీజిలు కూడా మోటర్‌వే బంకుల్లో ఖరీదెక్కువ. సాయంత్రం క్యాంపులో కారవాన్ దింపేశాక, ఒట్టి కారుతో ఊళ్లోని సూపర్‌మార్కెట్ బంకుకి వెళ్లి పోయించుకోవాలి. అక్క ఆ వెళ్లడంలోనే వెన్న కొనుక్కొచ్చింది. బూర్జ్ పక్కన చెట్ల కింద, కారవాన్ పొయ్యి మీద నెయ్యి కాగుతుంటే ఆ వాసనకి పక్క డేరాలోని డచ్చి దంపతులు గిన్నె చూడ్డానికి వచ్చారు. వేడన్నంలో వేసి పెడితే తిని, ఎలా కాచాలో రాసుకున్నారు.

క్లెర్మాన్ ఫెరాన్ మిషెలిన్ కంపెనీ పుట్టిన ఊరు, 1889 నుంచి అక్కడే. మా మ్యాపులూ అక్కడివే. పడమట పుయ్ ద దోమ్ అనే చల్లారిన అగ్నిపర్వతం, 1,465 మీటర్లు, దాని వెనక వరుసగా ఇంకా ఎన్నో గుండ్రటి శిఖరాలు. ఇక్కణ్నుంచి ఏ75 ఎక్కడం మొదలెడుతుంది. ఎక్కుడు మీద కుడి వరుసలో లారీల వెనక, ఇంజను వేడి చూసుకుంటూ, తొందర లేకుండా. సాన్ ఫ్లూర్ దాటాక సర్వీస్ ఏరియాలోంచి గరాబీ రైలు వంతెన కనిపిస్తుంది. ఐఫెల్ కంపెనీ 1880లలో, పారిస్ గోపురానికి ముందే కట్టింది. కట్టినప్పుడు ఏటికి 122 మీటర్ల ఎత్తున ఉన్న ఒకే ఒక్క ఎర్రటి ఇనుప విల్లు. దాన్ని చూస్తూ టీ తాగడానికి చాలాసేపు ఆగిపోయాం. ప్రణాళికలో ఆ ఆగడానికి చోటు పెట్టుకోనివాళ్లు ఈ దారిన రావడం దండగ.

మియో వంతెన గురించి ఫొటోలు చూసే ఉంటారు. 2004 డిసెంబరులో తెరిచారు. ఇంజనీరు మిషెల్ విర్లోజో, వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్. పొడవు 2,460 మీటర్లు, స్తంభం కొస దాకా ఎత్తు 343. అంతకుముందు ఈ దారి మొత్తం తార్న్ లోయలోకి దిగి, మియో ఊరి నడిమి సందుల్లోంచి మళ్లీ కొండెక్కేది. ఆగస్టులో ఆ ఊరి ట్రాఫిక్ జామ్ దేశమంతటా పేరుమోసింది. కారవాన్లకి ఇక్కడ గాలే ముఖ్యం. వంతెన రెండు పక్కలా మూడు మీటర్ల ఎత్తు అడ్డుతెరలు గాలిని సగం దాకా విరుస్తాయి. గాలి మరీ ఎక్కువైతే ముందే బోర్డుల మీద వేగం తగ్గించమని చూపిస్తారు, ఆపేస్తారు కూడా. అందుకని బావగారు పొద్దున్నే లేచి వాతావరణం చూశారు, గాలి లేచే మధ్యాహ్నానికి ముందే దాటేలా బయల్దేరదీశారు. దాటుతున్నంతసేపూ ఆయన చూపు రోడ్డు మీదే, మా చూపులు లోయలో.

వంతెన దాటితే లార్జాక్ పీఠభూమి. రాళ్లు, గొర్రెలు, ఎండిన గడ్డి. రోక్‌ఫోర్ జున్నుకి పాలిచ్చే గొర్రెలవి. 1971లో ఇక్కడి సైనిక శిబిరాన్ని ఎన్నో రెట్లు పెంచుతామని ప్రభుత్వం ప్రకటించింది. నూటముగ్గురు రైతులు భూమి అమ్మబోమని ప్రమాణం మీద సంతకాలు పెట్టారు. వాళ్లకి తోడుగా వచ్చి, 1972లో మోటర్‌వే పక్కనే కనిపించే లా కావల్రీ ఊళ్లో పదిహేను రోజులు నిరాహారదీక్ష చేసినవాడు లాంజా దెల్ వాస్తో. ఇటలీలో పుట్టినవాడు, 1930లలో వార్ధా వెళ్లి గాంధీ దగ్గర ఉన్నాడు, శాంతిదాసు అని పేరు పెట్టించుకున్నాడు. ఆయన దీక్ష చూశాకే రైతులు అహింసాదారి పట్టారు. గొర్రెల్ని పారిస్ తోలుకెళ్లి ఐఫెల్ గోపురం కింద మేపారు. పదేళ్లు పోరాడారు. 1981లో దేశాధ్యక్షుడిగా గెలిచిన మితెరాన్ ఆ పథకం రద్దు చేశాడు. వార్ధాలో ఒకాయన నేర్చుకున్న పట్టుదల ఈ రాళ్ల నేలని గొర్రెలకి మిగిల్చింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాలి. ఆ రాత్రి అక్కడే దిగాం. ఒక గొర్రెలకాపరి కుటుంబం పొలంలో ఆరు బండ్లకి చోటిచ్చి నడుపుతున్న స్థలం. ఇరుసుల సంగతి ఎవరూ అడగలేదు.

పీఠభూమి అంచున పా ద లెస్కలెత్ దగ్గర భూమి ఒక్కసారిగా తెగిపోతుంది. సొరంగంలోంచి బయటపడగానే రోడ్డు రాతిగోడల మధ్య లొదేవ్ వైపు దొర్లుకుంటూ పోతుంది. మన ఘాట్‌రోడ్డు డ్రైవర్లు చెప్పే మాటే ఇక్కడా: ఎక్కిన గేరులోనే దిగాలి. వాలు మొదలుకాకముందే గేరు తగ్గించి, ఇంజనే బండిని పట్టేలా చూసుకోవాలి. కారవాన్ బ్రేకులు కారు తగ్గినప్పుడు వెనకనుంచి వచ్చే తోపుతోనే పడతాయి. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే రెండిటి బ్రేకులూ కాగిపోతాయి. అలా కాగి పట్టు తప్పిన లారీల కోసం పక్కన కంకర నింపిన అత్యవసర దారులుంటాయి. బావగారు లారీలతో పాటు కుడి వరుసలో, గంటకి అరవైలో దిగారు. కొండ దిగేకొద్దీ పైన్ చెట్లు పోయి ఆలివ్ చెట్లు, ద్రాక్షతోటలు, వేడిగాలి.

బెజియే చేరాక, సముద్రం ఒడ్డున ఉన్నన్నాళ్లూ తిరుగు దారి గురించి మేనకోడలే మాట్లాడింది. లువార్ నది దగ్గర మోంత్రుయ్ బెలే అనే ఊళ్లో, 1941 నుంచి 1945 దాకా సంచారుల్ని బంధించిన శిబిరాల్లోకెల్లా పెద్దది ఉండేది. పొలాల మధ్య దాని మెట్లు, నేలమాళిగ చెర ఇంకా మిగిలాయి. మరుగున పడ్డ ఆ చరిత్రని ఝాక్ సిగో అనే బడిపంతులు 1980లలో వెలికితీసి పుస్తకం రాశారు. 2016 అక్టోబరులో దేశాధ్యక్షుడు హోలాంద్ అక్కడికే వచ్చి ఫ్రాన్సు బాధ్యతని ఒప్పుకున్నారు. అది చూడాలంది. బావగారు మ్యాపు పరిచారు. ఏ75, ఏ71 మీద వియెర్జోన్ దాకా వెనక్కి, అక్కణ్నుంచి ఏ85 మీద సోమ్యూర్. కారవాన్ సోమ్యూర్‌లో దింపేయాలి, అక్కణ్నుంచి ఊరికి కారులో అరగంట లోపే. తర్వాత తూర్ మీదుగా ఏ28 పట్టుకుంటే లెమాన్, రువాన్, కాలే. దారి కొంచెం పొడవే, కానీ రెండు బాణాలున్న ఎక్కుడు ఎక్కడా లేదు. "రువాన్ ఆదివారం పొద్దున్నే దాటాలి, దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకోండి" అన్నారు బావగారు. మేనకోడలు సోమ్యూర్ క్యాంపుకి ఫోన్ చేసి, వాళ్లు అడక్కముందే, మాది రెండు ఇరుసుల బండి అని చెప్పింది. రమ్మన్నారు.